పదిహేనేళ్ల లెక్క

2015లో రిటైరైనప్పుడు పెన్షన్‌లో నూటికి నలభై పాళ్లు సర్కారుకే అమ్ముకున్నాను. దాన్నే కమ్యుటేషన్ అంటారు. తాడేపల్లిలో ఈ రెండు గదులూ ఆ రొక్కంతో లేచినవే. పదిహేనేళ్లు నెలనెలా కోత. ఆపైన పూర్తి పెన్షన్. మధ్యలో మనిషి పోతే మిగతాది ఇంటివాళ్లని అడగరు.

“అంటే, తొందరగా పోతేనే మనకి లాభమన్నమాట!” అన్నాను మా ఆవిడతో, ఏదో చమత్కరించాననుకుని.

ఆవిడ నవ్వలేదు. మర్నాటినుంచీ నా కాఫీలో పంచదార మాయం. కూరలో కారం సగానికి సగం. తెల్లారకముందే గుమ్మంలో చెప్పులు సిద్ధం—సీతానగరం ఘాటు దాకా నడక!

మొన్న కేలండరు ముందు నిలబడి వేళ్లు మడిచింది. “2030 దాకా ఓపిక పట్టండి. మన నలభై పాళ్లూ మనకి రావాలి.”

“వచ్చాక కాఫీలో పంచదార వేస్తావా?”

“అప్పటికి చప్పిడి కాఫీ అలవాటైపోతుంది లెండి,” అంది, మొహం అటు తిప్పుకుని.