తంగేడుకు ఇంత చోటు!

ఒకప్పుడు ఊరు దాటితే చాలు, గట్టు గట్టునా పసుపు పచ్చని పూలే. ఇప్పుడు పండగపూట ఆ పూలనే కట్టల లెక్కన కొనుక్కునే రోజులొచ్చాయి. నీళ్లడగదు, ఎరువడగదు, ఎండకు బెదరదు... అయినా తంగేడుకు చోటు కరవవుతోంది. పెరటి అంచున రెండు గజాలు వదిలితే ఆ కొరత తీరుతుంది.

హైదరాబాద్ నుంచి వరంగల్ వైపు వెళుతుంటే జనగామకు కాస్త ముందు పెంబర్తి తగులుతుంది. ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. అక్కడ పెద్దరోడ్డు వదిలి ఏ మట్టిబాట పట్టినా ఎర్రటి చెల్కలు, రాళ్లగుట్టలు, నీళ్ల కోసం లోతుకు పోయిన బోర్లు. వాన మొహం చాటేస్తే పంట చేతికి రాని సీమ ఇది. అలాంటి నేల మీద మే నెల ఎండలోనూ పచ్చగా నిలబడే పొద ఒకటుంది. అదే తంగేడు. ఏడాదిలో ఎప్పుడు చూసినా నాలుగు పూలు కనిపిస్తాయి. వానలు పడ్డాక మాత్రం దాని జోరే వేరు. భాద్రపదం ముగిసేసరికి కొమ్మకొమ్మా విరగబూస్తుంది. సరిగ్గా అప్పుడే ఎంగిలిపూల బతుకమ్మ వస్తుంది!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఒకనాటి వరంగల్ జిల్లాకు మూడు మూలలు. 2016 అక్టోబరు 11న మూడూ విడివిడి జిల్లాలకు కేంద్రాలయ్యాయి. ఒకచోట చెల్క, ఒకచోట మిరప తోట, ఒకచోట అడవి, బొగ్గు గని. నేల మారినా సిబ్బిలో పేర్చే వరస మాత్రం పెద్దగా మారదు. అడుగున గుమ్మడాకు, దాని మీద తంగేడు, ఆపైన గునుగు. తంగేడు లేని బతుకమ్మను పెద్దవాళ్లు బతుకమ్మగా ఒప్పుకోరు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ పువ్వును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పాలపిట్టకు, జమ్మిచెట్టుకు, జింకకు దక్కిన గౌరవమే దీనికీ దక్కింది.

గట్టు సన్నబడింది

గౌరవమైతే దక్కింది కానీ నిలబడే నేలే తగ్గుతూ వచ్చింది. తంగేడును ఎవరూ పంటగా వేయలేదు. పొలానికీ పొలానికీ నడుమ గట్టు మీద, బండ్లబాట పక్కన, చెరువు కట్ట వెనక దానంతటదే మొలిచింది. ఎవరిదీ కాని చోట పెరిగింది కాబట్టి అందరిదీ అయింది. ఆ ఎవరిదీ కాని చోటే ఇప్పుడు మాయమవుతోంది. జనగామ చుట్టుపక్కల రోడ్డు వెంట చేలు ప్లాట్లవుతున్నాయి. ప్లాటు చదును చేసే యంత్రానికి మొదట అడ్డొచ్చేది పొదే.

జనగామలో రైలెక్కి కాజీపేట, వరంగల్ దాటితే మహబూబాబాద్. ఈ ప్రాంతం వాళ్లకు మానుకోట. నీటి వసతి ఇక్కడ కొంత మెరుగు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు ఈ జిల్లాలోనిదే. మిరప, పత్తి, వరి పండే నేలలో గజం జాగా కూడా విలువైనదే. అందుకే గట్లు సన్నబడ్డాయి. కూలీల ఖర్చు భరించలేక రైతు కలుపు మందు పట్టుకుంటే, ఆ మందుకు గరికకూ తంగేడుకూ తేడా తెలియదు.

వరంగల్ నుంచి పరకాల మీదుగా ఉత్తరానికి పోతే భూపాలపల్లి. ఒకవైపు సింగరేణి గనులు, మరోవైపు చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇంకోవైపు గణపురంలో కాకతీయుల నాటి కోటగుళ్లు. కావలసినంత అడవి ఉన్న జిల్లా. కానీ గని పక్కన కాలనీలో ఉండే కుటుంబం పండగపూట పువ్వు కోసం అడవికి పోలేదు కదా! బజారులో కట్ట కొనాల్సిందే. ఆ కట్ట కోసం ఎక్కడో మొగ్గలతో సహా కొమ్మ విరిగినట్టే. మొగ్గ విరిగితే కాయ లేదు. కాయ లేకపోతే వచ్చే ఏటికి విత్తనం లేదు.

చెక్కతో తోలు... ఆకుతో ఎరువు

తంగేడు ఒట్టి పండగ పువ్వే కాదు. దాని చెక్కలో ఉండే వగరు పదార్థం పచ్చితోలును కుళ్లకుండా కాపాడుతుంది. పాత రోజుల్లో తోలు ఊనే లందల్లో తంగేడు చెక్కదే పెద్దపీట. చెప్పులకూ, బావిలోంచి నీళ్లు తోడే మోట తోలుకూ, డప్పుకూ అది కావాలి. మోటలు పోయి మోటార్లు వచ్చాయి, లందలు మూతపడ్డాయి, చెక్కతో అవసరం తగ్గింది. లేత కొమ్మలను వరి మడిలో తొక్కి పచ్చిరొట్ట ఎరువుగా వాడేవారు. ఆ చోటులోకి యూరియా బస్తా వచ్చింది. పనికొచ్చినన్నాళ్లూ రైతు తంగేడును కొట్టినా మళ్లీ చిగురించనిచ్చాడు. పని తీరాక అది అడ్డంగా కనిపించసాగింది.

పొరుగువాళ్లకూ ఇది సొంత పువ్వే. తమిళులు దీన్ని ఆవారం పూ అంటారు. పొంగల్ వేళ వేపాకుతో కలిపి ఇళ్లకు కడతారు. శ్రీలంకలో రణవర పేరుతో ఎండబెట్టి టీ కాచుకుంటారు. మన దగ్గర పూలను షుగరుకు మందుగా చెప్పుకోవడం ఉంది. అయితే డాక్టరు ఇచ్చిన మందు మానేసి పూల కషాయం మీద ఆధారపడటం మంచిది కాదు.

ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కోసమే తుమ్మెదలు వస్తాయి. పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిలిస్తే, కేసరాల కొసనున్న రంధ్రాల్లోంచి పొడి రాలుతుంది. లేత పచ్చని తెలుపు రంగు సీతాకోకచిలుకలు దీని ఆకు మీదే గుడ్లు పెడతాయి. గొంగళిపురుగులు నాలుగాకులు తింటే మందు కొట్టాల్సిన పని లేదు. చెట్టు తట్టుకుంటుంది.

పెరటి అంచున పెంచాలంటే...

ఇంటి ముందు అంచుకు అనగానే నర్సరీకి వెళ్లి డురాంటా, ఎకాలిఫా తెచ్చుకోవడం అలవాటైంది. ఆ వరసలోనే తంగేడు నాటుకోవచ్చు. చేయాల్సిందల్లా ఇంతే!

* పూత అయ్యాక చలికాలం చివర్లో పలచటి, చప్పిడి కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. అప్పుడు గింజలు తీసి దాచుకోవాలి.

* గింజ పైపొర గట్టిది. నీళ్లు బాగా కాచి, పొయ్యి మీంచి దించి, గింజలు వేసి రాత్రంతా ఉంచాలి. ఉబ్బిన గింజలే విత్తాలి.

* తల్లివేరు లోతుగా దిగే మొక్క ఇది. పెద్దదయ్యాక పీకి నాటితే బతకడం కష్టం. తొలకరికి నేరుగా చోట్లోనే విత్తడం మేలు. లేదంటే లోతైన సంచిలో పెంచి చిన్నప్పుడే నాటాలి.

* మొక్కకూ మొక్కకూ మూడు, నాలుగడుగులు వదలాలి. రోజంతా ఎండ తగలాలి. నీడలో పూత పలచబడుతుంది. నీళ్లు నిలిచే చోటు అసలు పనికిరాదు.

* మొదటి వేసవి మాత్రం వారానికోసారి నీళ్లు పోస్తే చాలు. ఆ తర్వాత దాని బతుకు అది చూసుకుంటుంది.

* పూలు కొమ్మల కొసలకే వస్తాయి. కత్తిరింపు పని వానలకు ముందే ముగించాలి. శ్రావణంలో కత్తెర పెడితే బతుకమ్మకు పూలుండవు.

* కోసేటప్పుడు కొన్ని కొమ్మలు కాయకు వదిలేయాలి.

ఇంటింటా కుదరకపోవచ్చు. కానీ ప్రతి ఊళ్లో బడి ఉంది, బడికి ప్రహరీ ఉంది. చెరువుకు కట్ట దిగువన జాగా ఉంది, పంచాయతీకి నర్సరీ ఉంది. విదేశాల నుంచి వచ్చిన కోనోకార్పస్‌ను రోడ్ల వెంట బారులుగా నాటి, తర్వాత వద్దనుకున్న అనుభవం ఉండనే ఉంది. ఈ నేలనే నమ్ముకున్న మొక్కకు వరసలో ఓ చోటిస్తే నష్టమేముంది? గుప్పెడు గింజలకు ఖర్చు లేదు. ఈ తొలకరికి విత్తితే ఏడాది, రెండేళ్లలో బతుకమ్మ పండగకు తంగేడు కట్ట బజారు నుంచి కాదు, గుమ్మం పక్క నుంచే వస్తుంది.