తడిపి కుట్టించిన చొక్కా

పిల్లలూ! కొత్త చొక్కా తొడుక్కున్న రోజున ఒంటికి సరిగ్గా అమరుతుంది. నాలుగు ఉతుకులు పడేసరికి చేతులు పొట్టివవుతాయి, మెడ దగ్గర గుండీ పట్టదు. "ఎదుగుతున్నావురా!" అని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. ఎదుగుతున్న మాట నిజమే కావచ్చు. కాని నెల రోజుల్లో ఎవరి మెడా అర అంగుళం లావెక్కదు గదా! అసలు సంగతి ఏమిటంటే, మీరు ఎదగకముందే చొక్కా కుంచించుకుపోయింది. నూలుగుడ్డకు అది స్వభావం. ఈ స్వభావం తెలిసినవాళ్ళు గుడ్డను కావాలనే ముందుగా కుంచించుకుపోనిచ్చి, ఆ తరవాత కత్తెర పెట్టిస్తారు.

మా అమ్మ అలాగే చేసేది. నా చిన్నతనంలో మేము ఒంగోలులో ఉండేవాళ్ళం. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోదే. 1970లో కొత్త జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఊరు దాటితే నల్లరేగడి చేలు, ఆ చేలలో పత్తీ మిరపా. రైలెక్కితే కాసేపట్లో చీరాల, మగ్గాలకు పేరుపడిన ఊరు. పత్తికీ నేతకూ ఇంత దగ్గర ఉండి కూడా, మా బోటి ఇళ్ళల్లో పిల్లలకు కొత్తబట్టలు ఏడాదికి ఒకసారే, సంక్రాంతికి. ఆ చొక్కా మళ్ళీ సంక్రాంతి దాకా రావాలి. అందుచేత చొక్కా పొట్టిదైపోవడం మాకు చిన్న సంగతి కాదు.

నాన్నగారు గుడ్డ తెచ్చిన రోజునే అమ్మ మడత విప్పి, గంగాళం నిండా నీళ్ళు పోసి నానవేసేది. మా నాయనమ్మకు ఇది బొత్తిగా గిట్టేది కాదు.

"కొత్తగుడ్డ నిగనిగలన్నీ నీళ్ళపాలు చేస్తావేమే, అమ్మాయీ? పసుపు పెట్టి కట్టవలసినదాన్ని పాతగుడ్డ చేస్తున్నావు," అనేది.

"నిగనిగలు ఒక్క రోజే, అత్తయ్యా! చొక్కా ఏడాది ఉండాలి," అనేది అమ్మ.

నాన్నగారి బాధ వేరు. అమ్మ ఎప్పుడూ పావుగజం ఎక్కువ తెమ్మనేది. "నీళ్ళు మింగే గుడ్డకు కూడా మనమే డబ్బివ్వాలా?" అని ఆయన విసుక్కునేవారు. ఆ పావుగజం డబ్బు మాకు తేలికేమీ కాదు. అయినా లెక్క వేసి చూడండి. రెండు గజాలంటే 72 అంగుళాలు. నూటికి 5 వంతున తగ్గితే మూడున్నర అంగుళాలకు పైగా పోతుంది. తడపకుండా కుట్టిస్తే ఆ తగ్గుదల కుట్టిన చొక్కాలోనే వస్తుంది. 12 అంగుళాల కాలరు అర అంగుళం బిగిసిందంటే ఇక గుండీ పెట్టుకోలేరు. దాన్ని మళ్ళీ పెద్దది చేయడం ఏ దర్జీకీ సాధ్యం కాదు. పావుగజం దగ్గర పొదుపు చేస్తే రెండు గజాలూ వృథా! మా దర్జీ సాయిబుగారు కూడా టేపు తీయకముందే, "గుడ్డ తడిపారా, అమ్మా?" అని అడిగేవారు.

మరి నాన్నగారు అన్నట్టు నీళ్ళు గుడ్డను మింగుతాయా? మింగవు. గంజి మాత్రం పోతుంది, నూలంతా గుడ్డలోనే ఉంటుంది. అయితే పొడుగు ఎక్కడికి పోయినట్టు? ఇది తెలియాలంటే మగ్గం సంగతి తెలియాలి.

మగ్గం మీద నిలువుదారాలను పడుగు అంటారు, అడ్డదారాలను పేక అంటారు. నేతగాళ్ళు పడుగుకు గంజి పట్టించి, మగ్గానికి బిగలాగి కడతారు. బిగువు లేకపోతే నేత కుదరదు. ఆ దారాల మధ్యగా నాడె అటూ ఇటూ పరుగెత్తి పేకను నింపుతుంది. నేత పూర్తి అయి గుడ్డను మగ్గం నుంచి తీసినా, దారాలు పడిన సాగుడు కొంత అలాగే ఉండిపోతుంది. గంజి దాన్ని కదలనివ్వదు. నీళ్ళలో వేయగానే గంజి వదులుతుంది, దారాలు తమ సహజమైన పొడుగుకు వచ్చేస్తాయి. ఎక్కువ బిగువు పడ్డది పడుగు కనుక, మామూలుగా గుడ్డ వెడల్పులో కన్న పొడుగులోనే ఎక్కువ తగ్గుతుంది.

రెండో కారణం ఇంకా తమాషా అయినది. పత్తి పోగు నీళ్ళు పీల్చి లావెక్కుతుంది, కాని పొడుగు దాదాపు పెరగదు. తడిసిన చేదతాడు ముడి విప్పబోయినవాళ్ళను అడగండి, అది ఎలా బిగుసుకుంటుందో చెపుతారు. గుడ్డలో ప్రతి దారమూ ఒక దారం మీదుగా, పక్క దారం కిందుగా పోతుంది. ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. నాలుగు పెన్సిళ్ళను వేలెడు వేలెడు ఎడంగా పేర్చండి. ఒక దారాన్ని ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా నడిపి, చివరలు రెండూ అటు చివరి పెన్సిలుకూ ఇటు చివరి పెన్సిలుకూ కట్టండి. తరవాత పెన్సిళ్ళు తీసి, అదే దారంతో బొటనవేలంత లావు పుల్లలను అలాగే కట్టి చూడండి. దారం లావుపుల్లల చుట్టూ తిరిగి రావాలి గదా! అందుకని పుల్లలు ఒకదానికొకటి దగ్గరగా జరిగితేనే గాని ఆ దారం చాలదు. తడిసిన గుడ్డలో జరిగేదీ ఇదే.

"ఆరిన తరవాత దారాలు సన్నబడతాయి గదా, గుడ్డ మళ్ళీ ఎందుకు సాగదు?" అని మీరు అడగవచ్చు. సాగాలంటే ఎవరైనా లాగాలి. మగ్గం మీద లాగినట్టు ఇప్పుడు లాగేవాళ్ళు ఎవరున్నారు? దగ్గరికి జరిగిన దారాలు జరిగినచోటే ఉండిపోతాయి.

మిల్లులవాళ్ళకు కూడా ఈ చిక్కు ఉండేది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని ట్రాయ్ నగరం కాలర్ల తయారీకి ప్రసిద్ధి. అక్కడి కంపెనీకి చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన దీనికి ఒక యంత్రం కనిపెట్టి, 1930లో పేటెంటు పొందాడు. తడి తగిలిన గుడ్డను సాగి ముడుచుకునే మందపాటి పట్టీకి ఆనించి నడిపితే, పట్టీతోపాటు గుడ్డ కూడా పొడుగున ముడుచుకుంటుంది. ఆ స్థితిలో ఆరబెడతారు. ఆయన పేరు మీదనే అటువంటి గుడ్డను "శాన్‌ఫరైజ్డ్" అన్నారు. అమ్మ గంగాళంలో చేసిన పని అక్కడ యంత్రం చేసిందన్నమాట!

ఇక మీ ఇంట్లో ఎలా చేయాలో చెపుతాను. ముందు గుడ్డ మూలను తడిపి, తెల్లగుడ్డతో ఒత్తి, రంగు దిగుతుందేమో చూడండి. దిగితే దాన్ని విడిగా నానవేయండి. గుడ్డ మొత్తం మునిగేలా రాత్రంతా నీళ్ళలో ఉంచండి. పొద్దున పిండకుండా తీసి, నీడలో పరిచి ఆరవేయండి. దండెం మీద వేలాడదీస్తే నీటి బరువుకు గుడ్డ సాగుతుంది. వదులుగా ఉన్న కొత్త నూలు బనీనునో టీషర్టునో బిగించాలంటే, పెద్దవాళ్ళ చేత వేడినీళ్ళు పోయించి, బాగా కదిలించి, అలాగే పరిచి ఆరవేయండి. అల్లిన గుడ్డ నేసినదానికన్న ఎక్కువ కుంచించుకుపోతుంది. పాలియెస్టరు కలిసిన బట్టలూ, మిల్లులోనే కుదించిన బట్టలూ పెద్దగా మాట వినవు.

పాతబట్టలూ మాట వినవు. అన్నయ్య విడిచిన చొక్కాలు నాకు వచ్చేవి. వదులుగా ఉన్నాయి, వేడినీళ్ళలో వేయమని అమ్మను అడిగాను. "మగ్గం దగ్గర చేసిన అప్పు అది ఎప్పుడో తీర్చేసిందిరా!" అని నవ్వి, చొక్కా పక్కలు లోపలికి మడిచి కుట్టింది.

ఈసారి మీ ఇంటికి కొత్త నూలుగుడ్డ వచ్చినప్పుడు, తడపకముందు దాని మీద పొడుగున సరిగ్గా 100 సెంటీమీటర్లు కొలిచి, రెండు చివరలా రంగుదారంతో కుట్టు వేయండి. ఆరిన తరవాత ఆ రెండు కుట్ల మధ్యా మళ్ళీ కొలవండి. ఎన్ని సెంటీమీటర్లు తగ్గితే, ఆ గుడ్డ నూటికి అంత తగ్గిందన్నమాట. వెడల్పున కూడా అలాగే కొలిచి, రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే రకం గుడ్డ మళ్ళీ కొనేటప్పుడు ఎంత ఎక్కువ తీసుకోవాలో అమ్మానాన్నలకు మీరే చెప్పవచ్చు.