పుట్టింటి పార్టీ

మా నాయన కాంగ్రెస్. మా మామ తెలుగుదేశం. నెల్లూరు జిల్లాలోని మా ఊళ్ళో ఒక మగవాణ్ణి పరిచయం చెయ్యడానికి ఇంతకు మించి అక్కర్లేదు. అమ్మ ఏ పార్టీ అని ఎవరూ అడిగినట్టు గుర్తులేదు.

1994 డిసెంబరులో తెలుగుదేశం గెలిచినప్పుడు నాకు ఆరేళ్ళు. మామ ఊరేగింపును మా వీధిలోకి మళ్ళించి, సరిగ్గా మా గడప ముందు టపాకాయలు కాల్పించాడు. "నీ తమ్ముడి గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కద్దు" అన్నాడు నాయన. పుట్టిల్లు రెండు వీధుల అవతలే. అయినా మూడు సంక్రాంతులు అమ్మ అక్కడికి వెళ్ళలేదు. అమ్మమ్మను గుడిలో కలుసుకునేది. ఇద్దరూ ప్రదక్షిణలు ఎక్కువ చేసేవాళ్ళు, మాట్లాడుకోవడానికి.

పరిశోధనకు నేను సారా వ్యతిరేక ఉద్యమ సాహిత్యాన్ని తీసుకున్నాను. అప్పటినుంచీ ఏ సెమినార్‌కు వెళ్ళినా "స్త్రీలకు సంబంధించినంత వరకు అన్ని పార్టీలూ ఒకటే" అనడం అలవాటైంది. చప్పట్లు వచ్చే వాక్యం అది. ఆధారాలకూ కొదవలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది తెలుగుదేశం ప్రభుత్వం, 1997లో ఎత్తేసిందీ తెలుగుదేశం ప్రభుత్వమే. 2019లో దశలవారీ నిషేధమని వాగ్దానం చేసిన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రభుత్వం చేతనే దుకాణాలు నడిపించింది. 2024 అక్టోబరులో కూటమి ప్రభుత్వం వాటిని తిరిగి ప్రైవేటుకిచ్చి, 99 రూపాయలకే క్వార్టర్ అందుబాటులోకి తెచ్చింది.

ఆ వ్యాసం ఒకసారి అమ్మకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ వింది.

"అందరూ ఒకటే అయితే ఆ రెండేళ్ళు ఎక్కడినుంచి వచ్చినయి మే?"

నిషేధం ఉన్న రెండేళ్ళు. "అప్పుడు మాత్రం నాయన తాగలేదా?" అన్నాను. "తాగినాడు. రోజూ దొరకలా" అంది. ఆ "రోజూ దొరకలా"లో ఎన్ని రాత్రుల నిద్ర ఉందో నా వ్యాసంలో ఎక్కడా లేదు. సిగ్గేసింది.

తర్వాత ఆలోచిస్తే, దూబగుంట రోశమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్ళు సారా పాటలు ఆపకపోతే 1993 అక్టోబరులో కాంగ్రెస్ ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించేది కాదు. దాన్ని మించి ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం ప్రకటించవలసిన అవసరమూ వచ్చేది కాదు. రెండు పార్టీల మధ్య ఆ తేడాను పుట్టించింది ఆడవాళ్ళు. "అన్నీ ఒకటే" అన్నప్పుడల్లా నేను చెరిపేస్తున్నది వాళ్ళనే.

అయితే అమ్మ నోట ఇంకో కథ కూడా విన్నాను. ఇది చెప్పడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది.

ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన చట్టం, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. అమ్మ పెళ్ళి 1986 వేసవిలో. అంటే ఆమెకు హక్కుంది. మామ ఇంట్లో ఆ ఎన్టీఆర్ ఫొటోకి రోజూ దండ మారేది. 2001లో తాత పోయాక మామ హక్కు విడుదల పత్రం రాయించుకొచ్చాడు. ఏడేళ్ళుగా మామతో మాట్లాడని నాయన ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. రెండేళ్ళ క్రితం మా ఇద్దరత్తల చేతా అలాగే సంతకాలు పెట్టించుకున్న మనిషి, ఏ ముఖంతో కాదంటాడు? "ఆడబిడ్డ వాటా అడిగితే పరువేముంది బావా" అన్నాడట మామ. నాయన తలూపాడట. తర్వాత ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చుని టీ తాగారు. జెండాల గొడవ ఆ బెంచీ మీద లేదు.

"వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నాకు సంతోషమేసింది. ఇంక మా ఇంటికి పోవచ్చు గదా అనుకున్నా" అంది అమ్మ.

ఎకరంన్నర మాగాణి. ఆమెకు దక్కింది పండక్కి ఒక చీర, రెండు వీధుల దారి.

2024 ఎన్నికల్లో ఓటు ఎవరికేశావని అడిగాను. చెప్పలేదు. మొన్న ఫోన్ చేసి, "ఆ రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం నకలు ఇస్తారంట గదా, ఒకటి తీసుకురా" అంది.