నాయనమ్మ, ఎక్స్‌రే, చిటికెడు ఉప్పు

మాది పాలకీడు. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్తే నాయనమ్మ ఒకటే దగ్గు. రెండు నెలల నుంచట. మిర్యాలగూడలో డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే రాసిచ్చినా ఆమె కదలనంటోంది.

"ఆ రేడియేషన్ నాకొద్దు బిడ్డా. ఉన్న రోగం చాలదా?"

ఆ మాట ఆమెకు కొత్త కాదు. సాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామన్నారు. 2003లో పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం వద్దన్నారు. నేనప్పటికి పుట్టలేదు. మాకొచ్చేవి సాగర్ కాలువ నీళ్లే కాబట్టి ఆ భయం మా ఇంటి దాకా వచ్చింది. ఇప్పుడు సెల్ టవర్ కూడా ఆమెకు అదే లెక్క.

సీఎస్ఈ కదా, నేను గొప్పగా మొదలుపెట్టా. "టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. వాటికి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టేంత శక్తి లేదు. ఎక్స్‌రేకి ఉంది కానీ డోస్ 0.1 మిల్లీసీవర్ట్ లోపే..."

"తెలుగులో చెప్పరా," అంది. నేను మాట్లాడింది తెలుగే అనుకున్నా!

మర్నాడు ఆమె కూర వండుతుంటే అడిగా, "ఉప్పు చిటికెడు కాకుండా దోసెడు వేస్తే?"

"కుక్క కూడా ముట్టదు."

"ఇదీ అంతే. రేడియేషన్ మన రాతి అరుగులో ఉంది, అరటిపండులో ఉంది, ఆకాశం నుంచీ పడుతుంది. రాళ్లలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ మనం పీల్చే గాలిలో ఉంది." ప్రపంచంలో మనిషికి ఇలా సహజంగా అందేది సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. "ఒక ఎక్స్‌రే అంటే మహా అయితే 15 రోజులు ఊరికే కూర్చున్నా పడేదే."

కాసేపాగి అడిగింది, "మరి పెద్దగట్టోళ్లది ఉత్త భయమేనా?"

కాదు. యురేనియం రాయి లోపల ఉండటం వేరు, తవ్వి, పొడి చేసి, మిగిలింది కుప్ప పోయడం వేరు. ఆ పొడి గాలికీ నీళ్లకీ దొరుకుతుంది. పైగా ఎక్స్‌రే నీ కోసం, నువ్వు ఒప్పుకుంటేనే తీస్తారు. అక్కడ ఉప్పు డబ్బా వేరేవాళ్ల చేతిలో ఉంది.

ఆ మాటకు లేచి చీర మార్చుకుంది.

ఎక్స్‌రే తర్వాత కఫం పరీక్ష కూడా చేశారు. టీబీ. సర్కారు దవాఖానలో ఆరు నెలల మందులు ఉచితం. ఇప్పుడు నాలుగో నెల, దగ్గు తగ్గింది. ఇంట్లో కిటికీలు తెరిచి ఉంచమన్నారు. రేడాన్‌కీ అదే మందు.

మీరూ మీ సబ్జెక్ట్‌ని ఇంట్లో ఒకసారి తెలుగులో చెప్పి చూడండి. వైవా కంటే కష్టం.