బస్సు దిగాల్సిన ఊళ్లు: నంద్యాల, ఆళ్లగడ్డ

కర్నూలు నుంచి కడపకు పోయే జాతీయ రహదారి మీద నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు. మహానందికి పోయేవాళ్లు నంద్యాలలో, అహోబిలానికి పోయేవాళ్లు ఆళ్లగడ్డలో బస్సు మారతారు. ఒక టీ తాగి, నీళ్ల సీసా కొనుక్కుని వెళ్లిపోతారు. ఈ రెండు ఊళ్లకూ అది అన్యాయం. దేవుడి దగ్గరికి తొందరపడే ప్రయాణికుడికి, ఆ దేవుణ్ణి చెక్కే చేతులూ ఆయనకు నైవేద్యం పండించే నేలా దారిలోనే ఉన్నాయని ఎవరూ చెప్పరు.

నంద్యాల జిల్లా కేంద్రమైంది 2022 ఏప్రిల్ 4న. బేరసారాల ఊరుగా మాత్రం చాలా పాతది. పక్కన కుందూ నది, చుట్టూ నల్లరేగడి, మధ్యలో కేసీ (కర్నూలు-కడప) కెనాల్. ఆ కాలువది విచిత్రమైన కథ. పొలాలకు నీళ్లిచ్చి, పడవలూ నడిపి లాభాలు గడిద్దామని 19వ శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ దాన్ని తవ్వించింది. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. కంపెనీ పోయినా కాలువ నిలిచింది, దాని కింద వరి నిలిచింది. ఇవాళ నంద్యాల సోనా బియ్యం పేరు చెబితే రాష్ట్రం దాటినా గుర్తుపడతారు. 1906 నుంచి ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. నరసింహ పత్తి ఈ కేంద్రం ఇచ్చిన రకమే. మిషన్‌తో కోసుకునేలా నిటారుగా పెరిగే శనగ రకం ఎన్‌బీఈజీ 47 కూడా ఇక్కడిదే. కూలీలు దొరక్క ఇబ్బంది పడే శనగ రైతుకు అదెంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

ఓటరుగా కూడా ఈ ఊరిది సొంత దారి. 1977లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద జనతా పార్టీ గెలిచిన ఒకే ఒక్క లోక్‌సభ స్థానం నంద్యాల. గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధానిగా ఉన్న పీవీ నరసింహారావును ఉపఎన్నికలో ఐదు లక్షలకు పైగా మెజారిటీతో పార్లమెంటుకు పంపిందీ ఈ ఊరే.

తిండి సంగతికి వస్తే, పొద్దున్నే ఇడ్లీ అడగకండి, ఉగ్గాని అడగండి. నానబెట్టి పిండిన బొరుగుల్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేడి మిరపకాయ బజ్జి ఉండి తీరాలి. బజ్జి లేని ఉగ్గాని సగం టిఫినే. ఎర్రకారం పూసిన దోశ దాని తర్వాతే. సాయంత్రమైతే జొన్నరొట్టె కోసం వెతకండి. పెనం మీంచి దించిన రొట్టెను బుడ్డల (వేరుశనగ) పచ్చడితోనో గుత్తి వంకాయ కూరతోనో తింటే, పెద్ద హోటళ్ల భోజనం మీద మనసు పోదు.

నవనందులనే తొమ్మిది శివాలయాల్లో ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్లోనే ఉన్నాయి. మిగతావి మహానంది వైపు. కార్తీకంలో తొమ్మిదింటినీ ఒకే రోజు చుట్టి రావడం ఇక్కడి ఆచారం. మహానంది కోనేటి నీళ్లు అడుగున పడ్డ నాణెం కనిపించేంత తేటగా ఉంటాయి. గర్భగుడి దిక్కునుంచి ఊరే ఆ నీరు కోనేరు దాటి అరటితోటలకు పారుతుంది. తోటల పక్కన దారిలోనే అరటిపళ్లు కొనుక్కోండి.

ఆళ్లగడ్డలో మాత్రం తీరిగ్గా ఆగాలి. శిల్పశాలలు మీకు ఉలి చప్పుడుతోనే తెలుస్తాయి. రాయిని తట్టి, అది పలికే తీరును బట్టి పురుష శిలో స్త్రీ శిలో తేల్చడం, తాళమానం ప్రకారం కొలతలు గీయడం, ఆ తర్వాతే ఉలి పట్టడం శిల్పుల సంప్రదాయం. నల్లరాతి దేవతామూర్తులు, ద్వారపాలకులు, నాయకుల విగ్రహాలు అన్నీ ఇక్కడ తయారవుతాయి. విదేశాల్లోని తెలుగువాళ్ల గుళ్లకూ వెళ్తాయి. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ కటింగ్ మిషన్లు వచ్చాక పని వేగంతో పాటు దుమ్ము కూడా పెరిగింది. రాతి దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. గుర్తింపు పత్రంతో పాటు మంచి మాస్కులు, దుమ్ము లాగే యంత్రాలు, ఏటా వైద్య పరీక్షలు కూడా ఈ చేతులకు అందాలి.

ఆళ్లగడ్డకు దగ్గర్లోనే ఉయ్యాలవాడ. 1846లో ఈస్టిండియా కుంపిణీ మీద తిరగబడ్డ నరసింహారెడ్డి పేరు ఈ ఊరితోనే ముడిపడి ఉంది. మరుసటి ఏడు ఫిబ్రవరి 22న ఆయన్ని కోవెలకుంట్లలో ఉరితీశారు. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిదీ ఇదే ఊరు.

ఇక అహోబిలం. తొమ్మిది నరసింహుల్నీ చూడాలంటే ఎగువన జ్వాలా నరసింహుడి దాకా కొండరాళ్ల మీద నడక తప్పదు, ఎండాకాలంలో వద్దు. సంక్రాంతి తర్వాత పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీ నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. చెంచులు ఆయన్ని తమ అల్లుడిగా చూసుకుంటారు.

కార్తీకం నుంచి పారువేట వరకు ఎప్పుడైనా రండి. రాత్రి నంద్యాలలో బస చేయండి. ఇంటికి చిన్న విగ్రహం కావాలంటే నగరంలోని షోరూముకు కాకుండా ఆళ్లగడ్డ శిల్పి చేతికే డబ్బివ్వండి.