మీ ముందుగదిలో దారి ఉందా? గాలి ఉందా?

సోఫా ఎక్కడ వేసుకోవాలో కూడా డాక్టరే చెప్పాలా అని మీరు నవ్వుకోవచ్చు. మందుల చీటీ రాయవలసినవాడు కుర్చీలూ బల్లల సంగతి ఎత్తుకున్నాడేమిటని అనుకోవచ్చు. కాని గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రులలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్న నాకు ఒక సంగతి బాగా తెలిసింది. తుంటి విరిగి వచ్చే ముసలివారిలో చాలామంది రోడ్డు మీద పడినవారు కారు. సొంత ఇంట్లో, బాగా తెలిసిన గదిలో పడినవారే. ప్రపంచం మొత్తం మీద కూడా ప్రమాదవశాత్తు గాయాలై చనిపోయేవారిలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం ఇలా పడిపోయినవారిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రాజమండ్రిలో ఒక కుటుంబం సంగతి చెబుతాను. సంక్రాంతికి కూతురూ, అల్లుడూ వస్తున్నారని హాలు సర్దారు. గోడవారనున్న సోఫాను ముందుకు జరిపి, టీపాయ్‌ని దొడ్డి గుమ్మం వైపు పెట్టారు. గది చూడముచ్చటగా తయారయింది. ఆ ఇంట్లో డెబ్భై దాటిన మామ్మగారున్నారు. ఒక కంట శుక్లం. ఎన్నో ఏళ్లుగా చీకట్లోనే గోడ తడుముకుంటూ దొడ్లోకి వెళ్లివచ్చే అలవాటు. ఆ రాత్రి కూడా పాత దారినే నడిచారు. టీపాయ్ తగిలి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. "దీపం వేస్తే పిల్లలు లేస్తారని వెయ్యలేదు బాబూ" అన్నారావిడ నాతో. ఆపరేషన్ అయి, ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తున్నారు. ఒకరకంగా అదృష్టవంతురాలు. ఈ వయసులో తుంటి విరిగి మంచాన పడితే మంచం పుళ్లు, న్యుమోనియా, కాళ్ల నరాలలో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మన పెద్దల మండువా లోగిళ్లలో ఈ ఇబ్బంది తక్కువ. నడుమ మండువా, చుట్టూ వసారాలు. వెలుతురూ, గాలీ పైనుంచే దిగేవి. సామానంటే ఒక ఉయ్యాల బల్ల, ఒక పడక కుర్చీ, చుట్టి గోడకు చేరవేసిన చాపలు. ఇప్పుడు మన హాలు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు అనుకోండి. అంటే 120 చదరపు అడుగులు. సోఫా 15, రెండు విడి కుర్చీలు 15, దివాను 18, టీపాయ్ 6, టి.వి. బల్ల 6, బీరువా 5. మొత్తం 65. సగానికి పైగా నేల సామానుకే పోయింది. మిగిలిన 55లో తలుపులు తెరుచుకోవాలి, పిల్లలు ఆడుకోవాలి, పెద్దలు నడవాలి!

నడకకే కాదు, ఊపిరికీ చోటు కావాలి. బీరువా కిటికీకి అడ్డం పెడితే గాలి ఆగుతుంది. క్షయ క్రిములు, ఫ్లూ వంటివి మూసిన గదిలోని గాలిలోనే ఎక్కువసేపు నిలుస్తాయి. పెరూ దేశంలోని లిమా నగరంలో ఆసుపత్రి గదుల గాలిని కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు గదులలోనే గాలి బాగా మారుతోందని తేలింది. కిటికీ ఉండి కూడా తెరవకపోతే అది గోడతో సమానమే.

ఇక మన డెల్టా చెమ్మ సంగతి. 1986 ఆగస్టు వరదలు చూసినవాళ్లకి గోడ చెమ్మ గురించి చెప్పనక్కరలేదు. సోఫాను గోడకు అంటించి వేస్తే వానాకాలంలో వెనక బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి అది పడదు. ఆ చీకటి మూలే పగటిపూట దోమలకు విడిది. బోదకాలు మన జిల్లాలకు పాత శత్రువని మరచిపోకండి.

అయితే ఏం చెయ్యాలి? ముందు వాడని వస్తువును గదిలోంచి తీసెయ్యండి. తరువాత వీధి గుమ్మం నుంచి దొడ్డి గుమ్మం దాకా, మంచం నుంచి మరుగుదొడ్డి దాకా 3 అడుగుల వెడల్పున దారి విడవండి. ఆ దారిలో వైరు, జారే పట్టా, టీపాయ్ ఏవీ ఉండకూడదు. సామానుకూ గోడకూ మధ్య చీపురు దూరేంత సందు ఉంచండి. పెద్దవాళ్లకి మెత్తగా కూరుకుపోయే సోఫా వద్దు. 17, 18 అంగుళాల ఎత్తున్న, చేతులున్న కుర్చీ వెయ్యండి. కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. పసిపిల్లలున్న ఇంట్లో టి.వి.నీ, బీరువానీ గోడకు బిగించండి. లాగితే మీద పడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. చూపు మందగించినవారు, మతిమరుపు వచ్చినవారు కళ్లతో కంటే అలవాటుతోనే ఎక్కువగా నడుస్తారు. వాళ్లున్న ఇంట్లో సామాను ఒక్కసారిగా మార్చకండి. మార్చక తప్పకపోతే పగటివేళ మార్చి, చెయ్యి పట్టుకుని కొత్త దారిలో నాలుగైదుసార్లు నడిపించండి. రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. దానికయ్యే కరెంటు ఖర్చు నెలకు పది రూపాయలు కూడా ఉండదు.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. సామాను ముట్టుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్లని "రాత్రి లేస్తే ఎటునుంచి వెడతారండీ?" అని అడగండి. వాళ్లు చూపించిన దారిని వదిలేసి, మిగిలిన చోట సోఫా వేసుకోండి.