మూసీ వెంట ఓ పాలకూర కట్ట

వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. 1920లో కట్టిన గండిపేట చెరువులో కాసేపు ఆగి, లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఈసీ నదిని కలుపుకుంటుంది. అక్కడి నుంచి అది హైదరాబాద్ నది.

నగరంలో దానికి నీళ్లు పోసేది వానకన్నా నాలాలే. బాలానగర్, జీడిమెట్ల వైపు మురుగు కూకట్‌పల్లి నాలా పట్టి హుస్సేన్ సాగర్ చేరుతుంది, అలుగు దాటి మూసీలో పడుతుంది. ఇళ్ల మురుగైతే సూక్ష్మజీవులు తినేస్తాయి. సీసం, కాడ్మియం, క్రోమియాలను తినే జీవి లేదు. అవి నీళ్లలోంచి బురదకు, బురదలోంచి మట్టికి చోటు మారతాయంతే.

నాగోలు దాటాక, ప్రతాపసింగారం వైపు, కత్వల (చిన్న అడ్డుకట్టల) దగ్గర నది కాలువలుగా చీలుతుంది. ఇరువైపులా వరి, పశువుల గడ్డి, ఆకుకూరల మళ్లు. ‘‘నీళ్లు నల్లగనే ఉంటయి సారూ. కాని ఎండకాలంల గూడ ఆగవు,’’ అన్నాడొక రైతు. పక్కనే ఒకామె పాలకూర కట్టను ఆ కాలువలోనే జాడించి గోనెలో పేర్చింది. మట్టి పోయింది. వేరు పీల్చుకున్నది మాత్రం కడిగినా పోదు, ఉడికించినా పూర్తిగా పోదు.

ఎంత పీల్చుకుందో తేలాలంటే ల్యాబ్‌కు పోవాలి. ఆకును కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి కొలుస్తారు. కిలో పాలకూర ఎండితే వంద గ్రాములు కూడా మిగలదు, కాబట్టి ఎండాకు లెక్కను పచ్చాకు లెక్కకు మార్చి చూడాలి. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం కిలో పచ్చి ఆకుకూరలో సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. మామూలుగా కాయకన్నా ఆకే లోహాలను ఎక్కువ దాచుకుంటుంది. టమాటా పాసైందని పక్క మడిలోని తోటకూరను వదిలేయలేం. నేలనూ చూడాలి: ఆమ్ల నేలలో కాడ్మియం తేలిగ్గా వేరుకెక్కుతుంది, సున్నపు నేల దాన్ని కొంత పట్టి ఉంచుతుంది.

మార్కెట్లో కట్ట తీసి పరీక్షిస్తే ఒక అంకె వస్తుంది, ఊరు రాదు. నాలా మూతి, కత్వ, మడి, ఆకు: నాలుగుచోట్లా ఏటా, వేసవిలోనూ వానల తర్వాతా నమూనా తీస్తే లోహం ఎక్కడ దిగిందో దొరుకుతుంది. అప్పుడు నేరం రైతు మీదికి పోదు, పైకి పోతుంది.

మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పాలకూర అంత దూరం పోదు, తెల్లారకముందే వెనక్కి, నగరానికి ఎక్కుతుంది. మర్నాడు మా వీధి కూరల బండి దగ్గర కట్ట పట్టుకుని అమ్మే ఆమెను అడిగాను. ‘‘పొద్దుగాల కోసిందే, తాజా,’’ అందామె. ఏ కాలువ కిందిదమ్మా అంటే నవ్వి, ఇంకో కట్ట కొసరేసింది.